పది అడిగావు

వందనాలు యోవేలూ.
సేవకు తప్పనిసరి పుస్తకాలు పది
రాసివ్వమన్నావు.
పది రాలేదు నాకు. ఐదున్నర వచ్చాయి.
పాత డ్యూటీ చార్టు వెనక రాస్తున్నాను.
బయట మిడిల్స్‌బ్రో వాన అడ్డంగా కొడుతోంది,
టీస్ నది మీద నీలం వంతెన
సగమే కనిపిస్తోంది.

వాక్యం సంగతి చెప్పను. అది అన్నం.
అన్నం తినమని ఎవరికెవరు చెబుతారు?
ఇవి నంజుకోవడానికి.

మొదటిది ప్రార్థన మీద. సన్నది.
అట్ట ఊడిపోయింది, రాసినాయన పేరు
మొదటి పేజీతో పాటే పోయింది.
రోజుకొక్క పేజీ చాలు.
రెండో పేజీ తిప్పావా, అది సమాచారం అయిపోతుంది.
వార్డులో తెల్లవారుజాము మూడింటికి
మందుల ట్రాలీ మీద పెట్టుకుని చదివేదాన్ని.
పదకొండో పేజీ మరక అయోడిన్‌ది,
కూర అనుకునేవు.

రెండోది సంఘ చరిత్ర. ఇటుకంత.
మూడుసార్లు దాని మీదే నిద్రపోయాను.
నాలుగోసారి, ఒక పేజీ అడుగున చిన్నక్షరాల్లో
గుడ్డలుతికే ఒకావిడ పేరు దొరికింది.
జ్వరాలొచ్చి ఊరంతా పారిపోతే
ఆమె ఉండిపోయిందట.
ఆమెకి ఒక్క వాక్యం.
బిషప్పులకి నలభై పేజీలు.
అడుగు అక్షరాల దగ్గర ఆగడం నేర్చుకో.

ప్రసంగాల పుస్తకాలు రాయను.
నీ దగ్గరున్నవి కూడా ఎవరికైనా ఇచ్చెయ్.
మొన్న హాల్లో నువ్వు మాట్లాడుతుంటే
మూడు గొంతులు వినిపించాయి,
మూడూ నీవి కావు. కోపం తెచ్చుకోకు.
చివర్లో మైకు చచ్చిపోయి, తడుముకుంటూ
మీ అమ్మ కుట్టుమిషను గురించి చెప్పావే,
అప్పుడు వెనక బెంచీలో దయామణి
పెన్ను తీసింది.

మూడోది బాధ మీద. మంచి పుస్తకం.
అందుకే భయంగా చెబుతున్నాను.
స్టాక్టన్‌లో సలోమి బాబు పోయిన వారం
ఇదే తీసుకెళ్ళాను, మంచి మాటల కింద
పెన్సిలుతో గీతలు గీసి మరీ.
గుమ్మంలోనే చేతిలో పెట్టి
షిఫ్టుకి వేళయిందని వచ్చేశాను.
వేళ కాలేదు.
ఆర్నెల్లకి తిరిగొచ్చింది, తువ్వాలులో చుట్టి.
చదవలేదేమో అనుకున్నాను.
తెరిస్తే, నా గీతలన్నీ
రబ్బరుతో చెరిపి ఉన్నాయి,
ఒక్కటి తప్ప.
అదేదో చెప్పను. వెతుక్కో.
కానీ ఈ పుస్తకం ఎవరికిచ్చినా
ముందు వాళ్ళ వంటింట్లో
నాలుగు గిన్నెలు తోమి ఇవ్వు.

నాలుగోది కొట్లో దొరకదు.
మన సహవాసం లెక్కల పుస్తకం.
హీటరు బిల్లు, కుర్చీల అద్దె,
'రెండు పౌండ్లు, పేరు వద్దన్నారు',
'రెండు పౌండ్లు, పేరు వద్దన్నారు',
పదకొండేళ్ళుగా, ప్రతి ఆదివారం.
సేవకులు సిద్ధాంతం దగ్గర జారిపడ్డం తక్కువ,
చిల్లర దగ్గరే ఎక్కువ.
నెలకోసారి కూర్చుని చదువు. పైకి చదువు.

ఐదోది క్షమాపణ మీద.
నా దగ్గర లేదు.
సమాధానంగారు రెండ్రోజుల్లో ఇస్తానని తీసుకెళ్ళి
ఇరవై ఆరేళ్ళయింది.
అందులో ఉన్నది
అది లేకుండానే సాధన చేస్తున్నాను.
ఆయన వందనాలు చెప్పినప్పుడల్లా
కొంచెం కష్టంగా.

ఇక ఆ సగం.
అది సగంలో విసిరేసిన పుస్తకం,
గోడకి తగిలి వీపు విరిగింది.
రాసినాయనతో పోట్లాట ఇంకా తెగలేదు.
రాత్రి నిద్ర పట్టకపోతే మళ్ళీ తీస్తాను,
ఆయన మళ్ళీ అదే అంటాడు,
నేను మళ్ళీ కాదంటాను.
నిన్ను ఒప్పుకోనిదొకటి
ఇంట్లో ఉండాలి యోవేలూ,
లేకపోతే నీ గొంతే నీకు
దేవుడి గొంతులా వినిపిస్తుంది.

పోస్టులో పంపుదామంటే ఇటుక బరువు.
శనివారం హార్టిల్‌పూల్ బస్సు దిగి నువ్వే రా.
గట్టి సంచి తెచ్చుకో.
గొడుగు కూడా.
నీకు కాదు, పుస్తకాలకి.